నాయనమ్మ పేటిక

చైనాలోని క్వెజౌ కొండల్లో ఆ కర్రల ఇల్లు ఇప్పుడు యాత్రికుల బస. కూతురి ఊరి నుంచి తిరిగొచ్చిన ముసలావిడ ముందు గదిలోనే ఆగిపోయింది. మనవడు అక్కడ ఎర్ర లాంతర్లు కడుతున్నాడు.

“నా శవపేటికని అటక మీంచి ఎవడు దింపాడురా?”

“నేనే, నాయనమ్మా. పట్నం వాళ్లకి పాత ఆచారాలంటే మోజు. ఫొటోలు తీసుకుంటారు.”

“మన ఆచారం ప్రకారం మీ తాత ముందుగానే నా కోసం చేయించింది. ఏటేటా లక్క పూసుకుంటున్నాను. లోపల ఈ పొడుగు వెంట్రుక ఎవరిది?”

“ఒకమ్మాయి సరదాకి పడుకుని చూసింది.”

“పేటిక ఎవరిదని చెప్పావు?”

“నీదనే. బతికున్న మనిషిదంటే జంకుతారని, పోయావన్నాను.”

“పోతే ఇది ఖాళీగా ఎందుకుందని అడగలేదా?”

“అడిగారు. పట్నం ఆస్పత్రిలో పోయావనీ, అక్కడే దహనం చేశారనీ చెప్పాను.”

“కాల్చేశావా నన్ను? కాల్చొద్దనే కదరా నీ చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాను!”

“ఉత్త కథేలే. సాయంత్రం జనం వస్తున్నారు, నువ్వు పొగబెట్టిన పంది మాంసం కోసమే. వండి పెట్టు. వంటింట్లోంచి బయటికి రాకుంటే చాలు.”

ముసలావిడ వంటగుడ్డ నడుముకు కట్టుకోబోయి, దాన్ని పేటికలో పడేసింది.

“నన్ను కాల్చేశావుగా. నువ్వే వండుకో.”