ప్రతి ఇంట్లోనూ ఒక మావయ్య

హలో… ఆ, నేనే.

ఇంట్లోనా? నేను, నానమ్మ, మంచం కింద పిల్లి. అమ్మానాన్నా పనికెళ్ళారు. ఇంకా… మావయ్య ఉన్నాడు.

ఆ, రౌటర్ ముందే కూర్చున్నానక్కా. నువ్వు చెప్పినట్టే బయటి తీగ పీకేసి, అక్కడ నీ పాత లాప్‌టాప్ తీగ పెట్టాను. … ఇప్పుడు లాప్‌టాప్ వీధిలో నిలబడ్డట్టు లెక్క, అంతేనా? … దానికి మన ఇంటి లోపలి నెట్ అడ్రసు నంబరే ఇచ్చాను. అలా ఎందుకో నాకు తెలీలేదు కానీ.

…

ఓహో. దొంగవేషమన్నమాట. వీధిలోంచి వచ్చినవాడు "నేను మీ వంటింట్లోంచే వస్తున్నా" అంటే… వంటింట్లో ఉండాల్సినవాడికి వీధి గుమ్మంలో ఏం పని అని రౌటర్ అనుమానపడాలి. అదేగా మనం చూడాల్సింది?

సరే, లాప్‌టాప్‌తో రౌటర్ తలుపు కొడుతున్నా… అయ్యో! జవాబొచ్చింది. "రండి బాబూ" అన్నట్టు లోపలికి రానిచ్చేసిందక్కా!

… రౌటర్ సెట్టింగుల్లో ఏ గడి? … ఆగు… "బయటి నుంచి వచ్చే ప్రైవేట్ అడ్రసులను ఆపు". ఇది ఖాళీగా ఉంది. టిక్కు పెట్టడం నువ్వే మర్చిపోయి నామీద అరుస్తావేం?

పెట్టాను. మళ్ళీ కొడుతున్నా… ఉలుకూ లేదు, పలుకూ లేదు. హమ్మయ్య.

… ఏంటీ, మన లోపలి అడ్రసు నంబరే పక్కింట్లో కూడా ఉంటుందా? ప్రతి ఇంట్లోనా? … అయితే మావయ్య లాగన్నమాట! ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు, పిలుపొక్కటే, ఇంటికో మనిషి.

… ఏ మావయ్యా? అదేంటక్కా, మావయ్యంటే… పొడుగ్గా, తెల్ల గడ్డం… నీకు తెలీదా? నువ్వు హాస్టల్‌కి వెళ్ళాక మూడుసార్లు వచ్చాడే.

అమ్మ తమ్ముడా? కాదు కాదు. "మీ నాన్న వైపు చుట్టం" అంది అమ్మ. … ఏమో, అత్తయ్యలు లేరుగా మనకి. నాన్న ఒక్కడేగా. … నాన్ననీ అడిగా. "మీ అమ్మ వైపు, నాకేం తెలుసు" అన్నాడు.

…

అక్కా. నాకు భయమేస్తోంది.

అంటే… నాన్న వైపని అమ్మ టీ పెడుతోంది. అమ్మ వైపని నాన్న నోరు మూసుకుంటున్నాడు. మరి ఎవరి వైపు?

… మెల్లగానే మాట్లాడుతున్నా. పక్క గదిలోనే ఉన్నాడు, నానమ్మ దగ్గర. తలుపు తీసే ఉంది. … మొదట మావయ్య అన్నదెవరా? నానమ్మే. "మావయ్యకి మంచినీళ్ళివ్వవే" అంది. ఇచ్చాను.

అక్కా, ఇంకోటి… నానమ్మ సంచీ సర్దుతోంది. నాలుగు రోజులు వాళ్ళింటికి తీసుకెళ్తాడట. బండి బయటే ఉంది. … లేదు, అమ్మతో చెప్పలేదు. నాతో కూడా ఇప్పుడే అంది.

నేనా ఆపేది? నాకు కొత్తవాళ్ళ ముందు నోరు పెగలదని తెలుసుగా! … సరే. సరే, వెళ్తున్నా. నువ్వు ఫోన్ పెట్టెయ్యకు. చేతిలోనే పట్టుకుంటా.

…

మావయ్యా… మీరు… మీరు అమ్మ వైపా, నాన్న వైపా?

…

నానమ్మ వంక చూస్తున్నాడక్కా.

నానమ్మా, ఎవరీయన? అమ్మకీ తెలీదట, నాన్నకీ తెలీదట. నాన్న వచ్చేదాకా నువ్వు గడప దాటడానికి వీల్లేదు. సంచీ ఇటివ్వు. … తిట్టు, ఎంతైనా తిట్టు. ఇవ్వు… ఏంటీ? … నాన్నకి అన్నయ్య ఎక్కడున్నాడు? … నువ్వెందుకు ఏడుస్తున్నావ్? … నానమ్మా! తలుపు—

…

అక్కా, తలుపేసేసింది. నా మొహం మీదే. గడియ కూడా పెట్టింది… ఆయన కాదు, నానమ్మే.

"మావయ్య కాదే, పెదనాన్న" అంది. "మీ తాతయ్యతో పెళ్ళికి ముందే నా కడుపున పుట్టాడు, ఇన్నాళ్ళూ బయటే ఉంచేశాను" అంది.

… అక్కా? విన్నావా?

అయ్యో, నాన్న చెప్పుల చప్పుడు… మెట్ల మీదే ఉన్నాడు. ఏం చెప్పను, అక్కా? ఏం చె—