ప్రసాదమని నేనూ తిన్నాను

నా పేరు చిట్యాల సుందరాబాయి. వయస్సు యాభై ఆరు. బీడీలు చుడతాను. సోలాపూర్ నీలం నగర్‌లో తమ్ముడు అంబాదాస్ ఇంట్లో ఉంటున్నాను. తోబుట్టువులలో నేనే పెద్దదాన్ని. చెప్పాలన్న నిర్బంధం లేదని, చెబితే అది నా మీదికే రావచ్చని న్యాయాధికారి ముందే హెచ్చరించారు. అర్థమైంది. చెబుతున్నాను.

తమ్ముడు మరమగ్గాల కార్ఖానాలో కొత్త పడుగు పోగులను పాత పోగులకు ముడివేసే పని చేస్తాడు. రెండేళ్ల క్రితం అతని భార్య మంగళ జ్వరంతో చనిపోయింది. ఆనాటి నుంచి తమ్ముడు ఆమె పేరు ఎత్తలేదు. ఏడవలేదు. ఆమె చీర దండెం మీద నుంచి తీయనివ్వలేదు. మాత్రలు వాడినా గుణం కనిపించలేదు. హోలీకి ముందు అతని చేతిలోంచి ఉరితాడు నేనే లాక్కున్నాను.

అతని కొడుకు సుమిత్ పుణేలో చదువుతాడు. పుట్టగొడుగుల్లోని ఒక మందు గురించి, తమ్ముడికి మాత్రలు రాసే మానసిక వైద్యురాలిని అడిగాడు. నేనూ పక్కనే ఉన్నాను. దిగులు పట్టిన మెదడులో ఒకే ఆలోచన ఒకే దారిలో తిరుగుతుందని, ఆ మందు కొన్ని గంటలు ఆ దారిని వదులు చేస్తుందని, మెదడులో మామూలుగా కలవని భాగాలు కలుస్తాయని ఆమె చెప్పింది. కొందరికి మేలు జరిగిందట. ఇంకా పరీక్షలే నడుస్తున్నాయని, చట్టం ఒప్పుకోదని, ఇంట్లో చేయవద్దని కూడా చెప్పింది. మేము మొదటి మాటే పట్టుకున్నాం.

శనివారం ఉదయం సుమిత్ ఎండు పుట్టగొడుగుల పొట్లం తెచ్చాడు. "అత్తా, నువ్వు మాత్రం తినకు. నువ్వు హోష్ మీద ఉండాలె. బాపు పక్కకెల్లి లేవకు" అన్నాడు. తండ్రి పని పోకూడదని ఆ రోజు అతని బదులు కుంఠా నాకా దగ్గరున్న ఆ కార్ఖానాకు వెళ్లాడు. నన్ను నమ్మి వెళ్లాడు.

నేను పొట్లాన్ని మార్కండేయ స్వామి పటం ముందు పెట్టి దీపం వెలిగించాను. పటం ముందు పెట్టినదాన్ని ఒక్కరికే ఇచ్చి ఊరుకోవడం మా ఇంట్లో లేదు. తమ్ముడికి పెట్టాను. అతను తిని, ఖాళీగా ఉన్న నా చెయ్యి చూశాడు.

"నాకు పెట్టి నువ్వు తమాషా చూస్తవా అక్కా?" అన్నాడు.

ఎన్నో నెలల తర్వాత అతని నోట ఎకసెక్కెం విన్నాను. నేనూ ఒక ముక్క తిన్నాను. సుమిత్ తినవద్దన్నాడు. నేను తిన్నాను.

కొంతసేపటికి గోడ సున్నం పోగులు పోగులుగా కదిలింది. భయం వేయలేదు. తమ్ముడు మంగళ చీర దించి ముఖానికి అదుముకుని ఏడ్చాడు. తర్వాత లేచి బయటికి నడిచాడు. చూశాను. ఆపాలని తెలుసు. కాళ్లు నావి కానట్టున్నాయి. స్వామి పేరు తలుచుకుంటూ అక్కడే కూర్చున్నాను.

మా ఇంటి పక్క షెడ్డులో నడుస్తున్న మగ్గం మీద తెగిన పోగు కనబడితే ముడివేయబోయాడట. అక్కడ నేసే బాలయ్య మోటారు ఆపేసరికి కుడిచేతి రెండు వేళ్లు నలిగిపోయాయి. ముడివేసేది ఆ వేళ్లతోనే.

మర్నాడు ఆసుపత్రిలో కళ్లు తెరిచి, "అక్కా, మంగళ సచ్చిపోయింది" అన్నాడు. అవునన్నాను. తర్వాత అన్నం అడిగాడు. తినిపించాను. అది మందు గుణమో, నొప్పి గుణమో నాకు తెలియదు.

సుమిత్ తండ్రికి మత్తు పెట్టి వదిలేసి వెళ్లాడని పోలీసులు కేసు రాశారు. పొట్లం తెచ్చింది సుమితే. దాచను. కానీ వదిలేసి వెళ్లలేదు. కాపలా పెట్టి వెళ్లాడు. ఆ కాపలా నేను.

పై మాటలు నాకు చదివి వినిపించారు. "సుమిత్ బలవంతం మీద" అని ఒకచోట పడితే కొట్టేయించాను. మిగిలినదంతా నిజం. ఈ ఉదయం దీపం పెట్టి స్వామికి చెప్పిందీ ఇదే.

(సంతకం)
చిట్యాల సుందరాబాయి