మూసిన గదిలో అర ఆంపియరు

1988 జూన్ ఆరో తేదీన మా విద్యుత్ తనిఖీ విభాగంలో సహాయకులుగా అడుగుపెట్టి, ముప్పై ఏడేళ్ల నిష్కళంక సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మా పెద్దాయనను కార్యాలయమంతా ‘ఆంపియర్ గారు’ అనే పిలుస్తుంది. ఏ ఇంటికి వెళ్లినా, నడుస్తున్న పరికరాల వాట్లన్నీ కూడి, రెండువందల ముప్పై వోల్టులతో భాగించి, వచ్చిన ఆంపియర్లను మీటరు కింద సుద్దముక్కతో రాసిన తరువాతే తీగలో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటరును తగిలించడం వారి నియమం. పదకొండువందల యాభై వాట్ల ఇస్త్రీపెట్టె అంటే ఐదు ఆంపియర్లు, ఐదే చూపాలి. కొట్లో ధరకంటే ముందు వాట్లే అడుగుతారని వారి శ్రీమతి గారు మా అందరి ముందూ దెప్పుతుంటారు.

1999లో పర్యవేక్షకులయ్యాక వారు నన్ను వెంటబెట్టుకుని వెళ్లిన మొదటి ఇల్లు, ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడది. స్విచ్చులన్నీ ఆపించి, సుద్దతో సున్నా రాసి, క్లాంప్ తగిలించారు. అర ఆంపియరు చూపింది. అంటే నూటపదిహేను వాట్లు. అంత వాడేది ఇంట్లో ఏముందని అడిగితే, ఆవిడ మూసి ఉన్న గది తలుపు తీశారు. లోపల, ఏడాది క్రితం పోయిన భర్త మంచం, దానిమీద ఆయన నడుంనొప్పికి వాడిన, కరెంటుతో వేడెక్కే పరుపు. ప్లగ్గు ఊడి నేలమీద పడి ఉంది. పరుపు మాత్రం ఒక పక్కన, ఒక మనిషి పడుకున్నంత మేర, వెచ్చగా ఉంది.

“ప్లగ్గు నేను పెట్టలేదు బాబూ. కరెంటు తీసెయ్యకండి, అంతే,” అన్నారావిడ.

లెక్కకందని కరెంటు కనబడితే సరఫరా నిలిపివేయాలన్నది నిబంధన. ఎన్నడూ లెక్క తప్పని ఆ మనిషి రిజిస్టరులో ‘అర ఆంపియరు, తెలిసిన వాడకం’ అని రాసి సంతకం చేశారు. అటుపై ఏటా తామే వెళ్లి చూసి, అదే రాస్తూ వచ్చారు.

గత మాసం ఆ అమ్మగారు కాలం చేశారు. కనెక్షన్ తొలగించమన్న ఉత్తర్వు పట్టుకుని మేమిద్దరం ఆ ఖాళీ ఇంటికి వెళ్లాం. వారు అలవాటు ప్రకారం సుద్దతో అర అని రాశారు. క్లాంప్ ఒక ఆంపియరు చూపింది. గదిలోకి వెళ్లి పరుపు రెండో పక్క తాకి చూసి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

“ఇకనుంచి సంతకం నీది. నీ ఇష్టం,” అంటూ కటింగ్ ప్లేయరు నా చేతిలో పెట్టారు.

ఆంపియర్ గారూ, ఆ ప్లేయరు నా సొరుగులోనే ఉంది. రిజిస్టరులో ‘ఒక ఆంపియరు, తెలిసిన వాడకం’ అని నా చేత్తో రాశానని సవినయంగా మనవి చేస్తూ, తమరూ శ్రీమతి గారూ సంపూర్ణ ఆరోగ్యంతో, బహుకాలం, ఒకరి పక్కన ఒకరు వెచ్చగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.