కొలిమికి ముందు మాట

శనివారం సాయంత్రం, ఉక్కు కార్మికులుండే బారిడీహ్‌లో ఒక క్వార్టరు వరండా. మర్నాడు తెలుగు చర్చిలో వాక్యం చెప్పవలసిన మనిషి దానియేలు గ్రంథం తెరిచి కూర్చున్నాడు. పక్కన భార్య చేటలో బియ్యం ఏరుతోంది.

“రేపు ఏటి చెప్తన్నారు?”

“తన బొమ్మకి మొక్కలేదని రాజు ముగ్గుర్ని కొలిమిలో తోయించిన కథ. మంటలోంచి బయటికొచ్చినా, ఆళ్ల బట్టలకి నిప్పు వాసన కూడా అంటలేదు.”

“రేపు వరహాలమ్మ వత్తాది. ఆదిబాబు పోయాక చర్చికి రావడం ఇదే మొదలు.”

“తెలుసు. అందుకే, ధైర్యం వత్తాదని ఈ కథ తీసాను.”

“ఫౌండ్రీలో కరిగిన ఇనుము మీద పడి పోయాడు ఆమె మొగుడు. ఆమె మొహం చూసి, నమ్మినోళ్లని నిప్పు ముట్టదని చెప్తారా?”

“నమ్మకముంటే ముట్టదనే రాసుంది.”

“ఆదిబాబుకి నమ్మకం తక్కువయిందా?”

“నాకన్నా ఎక్కువే. డ్యూటీకి ఎల్లే ముందు రోజూ మోకరించీవోడు.”

“మరి?”

“ఉండు. కాస్త ఎనక్కి చూడనీ.”

“ఏటుంది అక్కడ?”

“కొలిమిలోకి ఎల్లక ముందు ఆళ్లు రాజుతో అన్న మాట. మా దేవుడు మమ్మల్ని కాపాడగలడు, కాపాడకపోయినా సరే నీ బొమ్మకి మొక్కం, అన్నారు.”

“ఇన్నిసార్లు చెప్పారు ఈ కథ, ఆ మాట నేనెప్పుడూ ఇన్లేదు.”

“ఎప్పుడూ బయటికొచ్చీ కాడికి తొందరపడిపోనాను. రేపు ఈ మాట కాడే ఆపేత్తాను.”

“తర్వాత ఏటయిందని జనం అడగరా?”

“అడుగుతారు. వరహాలమ్మ అడగదు.”