రాజురాల తెరుచుకోని ఫారం

రశీదా? ఎవడు చెప్పిండు కాకా నీకు ఇది రశీదని? మీద కంపెనీ గుర్తుంటే చాలా! లగ్నపత్రిక లెక్క ప్లాస్టిక్ కవర్ల పెట్టి రెండు నెలలు దాచినవ్. నవ్వాల్నా ఏడ్వాల్నా నేను?

కూసో ముందు. చంద్రపూర్ దాకా బస్సుల నిలబడే వచ్చినట్టున్నవ్.

చదివి వినిపిస్త, విను. "మీ బ్రౌజర్ ఇక్కడ చెల్లదు, వేరే బ్రౌజర్‌తోని రండి." గంతే ఉన్నది. హేమలత పేరు లేదు, నీ సర్వే నంబర్ లేదు. నీ బిడ్డ నౌకరీ ఫారం అసలు తెరుచుకోనే లేదు.

బ్రౌజరంటే ఏందా? ఇంటర్నెట్ల పేజీలు చూపెట్టే ప్రోగ్రామ్. రెండు కంపెనీలయి ఉన్నయ్, ఒకదాన్నొకటి మింగాలని చూస్తున్నయ్. మా ఫ్యాక్టరీ వెబ్‌సైట్ నీలం రంగు అక్షరం బొమ్మ ఉన్నదాంట్లనే తెరుచుకుంటది. మీ రాజురా ఊర్ల కనకరాజు నడిపే ఇంటర్నెట్ సెంటర్ల ఉన్నదేమో రెండోది, పడవ చక్రం బొమ్మది. దాంతోని వస్తే లోపటికి రానియ్యదు.

కనకరాజు ఏమన్నడు? సైట్ బంద్ ఉన్నది, రేపు రా అన్నడా? మూడు రోజులు తిప్పిండా? మరి ఈ కాయితం... ఆఁ, నువ్వే అడిగినవా! గదే గదా మనోళ్లతోని. భూమి లెక్కలు రాసే తలాఠీ ఆఫీసయినా, బ్యాంకయినా, చేతిల ఏదో ఒక కాయితం పడంది గడప దిగరు. పీడ పోతదని వాడు కంప్యూటర్ల కనవడ్డది కనవడ్డట్టు ప్రింట్ తీసిచ్చిండు. నువ్వు దండం పెట్టి తీసుకున్నవ్.

అరవకు కాకా! అరిస్తే గేటు కాడోళ్లు వచ్చి రెక్క పట్టి బయటికి తీస్కపోతరు.

ఫ్యాక్టరీకి నాలుగెకరాలు ఇచ్చినవ్, నాకు తెల్వదా? నల్లరేగడి, పత్తి విరగ్గాసేది. ఇంటికొక నౌకరీ అన్నరు, నిజమే. తారీఖు లోపట ఇంటర్నెట్ల ఫారం నింపినోళ్లకే అని కూడ అన్నరు, గది మర్శిపోయినవ్. రెండువేల సంవత్సరం నడుస్తున్నది, ఇంకా చేతిరాత అర్జీలు ఎవడు చూస్తడు? హేమలత బీకాం చదివితే ఏంది, ఫారంల పేరు లేకపోతే మాకు ఆమె పుట్టనట్టే.

ఇంకో మోకా లేదు. లిస్టు బొంబాయి హెడ్డాఫీసుకు పోయి సంతకం గూడ అయి వచ్చింది.

ఏందీ? కనకరాజు మీద కేసు పెడ్తవా? అయ్యో, వానికేం తెల్సు పాపం! ఆ పడవ చక్రం ప్రోగ్రామ్ వాని మూడు మిషన్లల్ల ఎక్కిచ్చిందే నేను. ఐతారం ఐతారం పోయి పెట్టిచ్చిన. మీ దిక్కు ఊర్లన్నిటికి అదొక్కటే సెంటరని నాకంటే ఎక్కువ ఎవరికి తెల్సు?

గట్ల చూడకు. అడిగినవ్ గనక చెప్తున్న. భూములు పోయినయి రెండువందల పన్నెండు ఇండ్లు, నౌకరీలేమో నలభై. సాబ్ నన్ను పిలిచిండు. "గిరిధర్, ఎవర్నీ కాదనద్దు, అర్జీలే తక్కువ రావాలె" అన్నడు. వెబ్‌సైట్ చూసుకునేది నేనే గదా, దాంట్ల ఒక్క లైను రాసిన, నీలం బొమ్మ కానోళ్లను తిప్పి పంపమని. పది నిమిషాల పని. ఆ లైను తీసేస్తే ఫారం రెండిట్ల మంచిగనే తెరుచుకుంటది, నేను చూసిన.

కంపెనీకి చెడ్డపేరు లేదు, సాబ్‌కు లేదు. కంప్యూటర్ ఆపింది అంటం. కంప్యూటర్‌ను ఎవరు కొడ్తరు?

మా వినాయక్ పేరా? ఉన్నది, పదకొండో నంబర్. మాది గూడ రెండెకరాలు పోయింది గదా. తమ్ముని ఫారం ఈ టేబుల్ మీదనే, నా చేత్తోనే నింపిన. నీకు ముందుగాల్నే ఒక్కమాట చెప్పొచ్చు గదా అంటవా? చెప్పొచ్చు. మొన్న లగ్గంల పక్కపక్కన కూసొనే తిన్నం. నీకు చెప్తే ఊరంతటికి చెప్తవు, ఊరంతా వస్తే వినాయక్ పేరు కిందికి జారుతది.

ఏడ్వకు. లేదు, ఏడ్వు, నాకేం ఫరక్ పడదు.

మొదటాయన వచ్చి ఈ కుర్చీల కూసొని ఏడ్సిన నాడు నాకు అన్నం సయించలే. రెండు రోజులు పస్తున్న, నమ్ముతవా? నువ్వు ముప్పై ఒకటోనివి కాకా. ఇయ్యాల టిఫిన్ తెచ్చుకున్న, నువ్వు లేస్తే తింట.