పురుషోత్తం సారు గోలీలు

కూసొమ్మనకు పురుషోత్తం సారూ, కూసునేటందుకు రాలే. ఇగో నీ గోలీల డబ్బాలు. ఒకదానికి మూతే తియ్యలే, తీస్కో.

బడి పంతులువని నమ్మినం. మా పిల్లలకు చదువు జెప్పినోడు ఉత్తమాట జెప్తడా అనుకున్నం. ఏమన్నవ్ ఆనాడు మా అరుగు మీద కూసొని? బీడీ పొగకు పెయ్యిల తుప్పు పడుతదంటివి. గీ గోలీల విటమిన్లు ఆ తుప్పును కడుగుతయంటివి. బుట్టెడు ఆకుకూర సత్తువ ఒక్క గోలీల ఉన్నదంటివి. అన్నవా లేదా?

మా దొడ్లె మునగాకు, బొప్పాయి, తోటకూర. గోలీ ఉండంగ ఆకెందుకని అన్నీ తెంపి రఘునాథపల్లి అంగట్ల అమ్మి నీ డబ్బాలు కొన్న! ఇంట్ల మాత్రం ఉత్త పచ్చిపులుసు. గింత పిచ్చిదాన్ని ఎక్కడన్న సూశినవా?

నిన్న వరంగల్ దవాఖానల డాక్టరమ్మ ఎక్స్‌రే ఫోటో సూపెట్టింది. మా ఇంటాయన లింగయ్య ఊపిరితిత్తుల క్యాన్సర్ గడ్డ. నీ డబ్బా సూసి నెత్తి కొట్టుకున్నది. బొప్పాయిల, ఆకుకూరల ఉండే విటమిన్ తింటే పెయ్యికి మంచిదేనట. గదే విటమిన్‌ను పెద్ద మోతాదుల గోలీజేసి బీడీలు తాగెటోళ్లకిస్తె మేలు గాదు, గడ్డలు ఇంకా ఎక్కువైతయని ఎప్పుడో తేలిందట. ఎప్పుడో! నీకు తెల్వదా, చదువుకున్నోనివి?

ఈ గడ్డ గోలీతోనే అచ్చిందని ఆమె అనలే. అసలు దోషం బీడీదే అన్నది. నువ్వు సంబురపడకు.

ఇప్పుడు సంగతేందంటే, ఆయన ఓ డబ్బా దాసుకున్నడు, ఇంకా మానుతలేడు. దగ్గుకుంటనే ఓ గోలీ, ఓ బీడీ. డాక్టరమ్మకేం ఎరుక, సారు జెప్పిండు గద అంటడు. లే సారూ, అంగీ తొడుక్కో. నువ్వే అచ్చి జెప్పు. తెల్వక జెప్పిన లింగయ్యా అను. నోరు పడిపోతదా?

ఏందీ? నేను జెప్పొచ్చు గదా అంటవా?

ఏం మొఖం పెట్టుకొని జెప్పాలె సారూ... నువ్వు మా ఇంటికి రాకముందు ఆర్నెల్లు బీడీ ముట్టలే ఆయన. మనుమరాలి మీద ఒట్టేసి మానిండు. మానినకాన్నుంచి ఇంట్ల ఒకటే లొల్లి, గిన్నెలు ఇసురుడు. నాకు పానం ఇసిగింది. నీ గోలీలు అచ్చినంక నేనే బీడీ కట్ట తెచ్చి చేతుల పెట్టిన. తాగయ్యా, గోలీ ఉన్నది గద, ఏం గాదన్న. అగ్గిపుల్ల సుత నేనే గీసిన.