పచ్చ బటన్‌లో పుల్ల

కొండాపురం పునరావాస కాలనీ, కుళ్లాయప్ప ఇంటి అరుగు. పని చోట ప్రమాదాలు ఎలా ఆపాలో పరిశోధన చేస్తున్న పావని ఎదురుగా కూర్చుంది. గడప దగ్గర కోడలు మహేశ్వరి బియ్యం ఏరుతోంది. ఏడాది కిందట పోయిన కొడుకు శివ సంగతి సగం చెప్పి కుళ్లాయప్ప పక్కనున్న చెంబు అందుకున్నాడు.

"ఆపేశారేం పెద్దాయనా? కరెంటు పోయింది, బండలు కోసే బ్లేడు ఆగింది. తర్వాత?"

"తర్వాత ఏముందమ్మా. బండముక్క ఇరుక్కోనుంటే తీసేదానికి శివ బ్లేడు కిందికి దూరినాడు. కరెంటొచ్చింది. అంతే."

"అంతే అంటే?"

"బ్లేడు తిరిగింది! చెయ్యి భుజం కాడికి తెగిపాయ. గోడంతా నెత్తురు. ఆ చెయ్యి కిందపడినాక కూడా వేళ్లు ఆడతానే ఉండాయి. నేనే గోతంలో చుట్టుకోని ఆస్పత్రికి ఎత్తుకోని పోయినా. చాలా? రాసుకుంటివా?"

"కరెంటు పోయి వస్తే మోటారు దానంతట అది తిరగకూడదు. పచ్చ బటన్ మళ్లీ నొక్కాలి."

"పాత స్టార్టరులే."

"పాతదైనా అంతే. జమ్మలమడుగు చుట్టూ నలభై బండల ఫ్యాక్టరీలు చూశాను. చాలా చోట్ల బటన్ పైకి లేవకుండా సందులో పుల్ల దోపుతున్నారు. మీ ఫ్యాక్టరీలోనూ దోపారా?"

"నాకేం ఎరుక."

"కేసు కాగితంలో పుల్ల శివే పెట్టుకున్నాడని ఉంది. తప్పంతా అతనిదేనని."

"ఉండనీ. సచ్చినోడు వచ్చి కాదంటాడా?"

"ఆ పూట మిషన్ మీద ఉన్నది మీరే కదా?"

"మహేశ్వరీ, నీళ్లు తే."

"చెంబు నీ పక్కనే ఉండాది మామా."

"ఆ పుల్ల ఎందుకు పెడతారో తెలిస్తేనే ఆపగలం పెద్దాయనా. లేకుంటే రేపు ఇంకొకరి చెయ్యి..."

"ఎందుకా? దినానికి పదిసార్లు కరెంటు పోతాది. పోయినప్పుడల్లా లేసిపోయి నొక్కాల. కోత తగ్గితే మేస్త్రీ అమ్మను, అక్కను ఎత్తి తిడతాడు. గొర్రెలు మేపుకునేటోళ్లం, ఊరు మునిగి ఈడికొస్తిమి. ఆ మాటలు పడలేక... పడలేక..."

"పడలేక?"

"నేనే పెట్టినా! వేపపుల్ల. పొద్దున పండ్లు తోముకోని మిగిలిందే. వాడు కిందికి దూరేది ఈ కండ్లతో చూసినా. పుల్ల తీయాలని గుర్తు రాలా... మహేశ్వరీ, యాడికి పోతాండావు? ఆ రోకలి తీసుకోని నా తలకాయ పగలగొట్టు. కొట్టు!"

"కూర్చో మామా. ఆస్పత్రిలో పానం పోయేముందు ఆయన నాకన్నీ చెప్పినాడు. నువ్వు ఎప్పుడు నోరు తెరుస్తావా అని ఏడాదిగా నీకు కూడు పెడతాండా."